జీతాల లెక్కలు, మారుతున్న చట్టాలు: చిన్న సంస్థల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న సంస్థలకు జీతాల పట్టీలు వేసి, పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) చలానాలు కట్టించే పనిలో ఉన్నవారికి ఫోన్లు రెండు కాలాల్లో ఎక్కువగా వస్తాయి. నెలలో మొదటి పదిహేను రోజులు ఒకటి, పేపర్లో ఏదైనా కొత్త చట్టం గురించి వార్త పడిన మరునాడు రెండోది. అడిగే మనుషులు మారుతున్నా అడిగే ప్రశ్నలు మారడం లేదు కాబట్టి వాటిని ఒకచోట చేర్చాము. ఇవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని దుకాణాలు, నర్సింగ్ హోములు, బడులు, చిన్న ఫ్యాక్టరీలు, సాఫ్ట్‌వేర్ ఆఫీసులను దృష్టిలో పెట్టుకుని రాసిన జవాబులు. ఇందులోని అంకెలు 2026 ఆరంభం నాటివి.

## మార్పు గురించి విన్నప్పుడు

వాట్సాప్‌లో కొత్త రూల్ అని వచ్చింది. ఈ నెల నుంచే జీతాల లెక్క మార్చాలా?

ముందు ఆ వచ్చినది ఏమిటో తేల్చుకోవాలి. ప్రతిపాదన, ముసాయిదా, బిల్లు, చట్టం, అమలు తేదీని ప్రకటించే నోటిఫికేషన్ అనేవి ఐదు వేర్వేరు మెట్లు. జీతాల పట్టీని మార్చాల్సింది చివరి మెట్టు దగ్గర మాత్రమే. పాత కార్మిక చట్టాల స్థానంలో తెచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లలో వేతనాల కోడ్‌కు 2019 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం లభించింది, మిగతా మూడు 2020లో పార్లమెంటు దాటాయి. అవి అమల్లోకి వచ్చినది మాత్రం 2025 నవంబర్ 21న. ఈ మధ్యకాలంలో "వచ్చే నెల నుంచి చేతికొచ్చే జీతం తగ్గిపోతుంది" అనే సందేశం ఎన్నిసార్లు తిరిగిందో లెక్క లేదు. దాన్ని నమ్మి బేసిక్ (మూల వేతనం) మార్చేసి, మళ్లీ వెనక్కి తిప్పుకున్న సంస్థలను మేము చూశాము.

అందువల్ల ఏ వార్త వచ్చినా మూడు విషయాలు అడగండి. నోటిఫికేషన్ నంబరు, తేదీ ఉన్నాయా? అది ఏ నెల జీతం నుంచి వర్తిస్తుంది? మన రాష్ట్రానికి, మన తరహా సంస్థకు వర్తిస్తుందా? మూడింటికీ జవాబు దొరకకపోతే ఆ సందేశాన్ని పక్కన పెట్టి, పాత పద్ధతిలోనే జీతాలు ఇవ్వండి.

అసలు సమాచారం ఎక్కడ చూడాలి? రోజూ చూడాలా?

రోజూ చూడనక్కర్లేదు. నెలకు రెండుసార్లు, జీతాల పట్టీ మొదలుపెట్టే ముందు ఒకసారి, చలానాలు కట్టాక ఒకసారి చూస్తే చాలు. పీఎఫ్ సంస్థ, ఈఎస్ఐ కార్పొరేషన్, ఆదాయపు పన్ను శాఖల వెబ్‌సైట్లలో సర్క్యులర్ల విభాగం ఉంటుంది. కేంద్రం నోటిఫికేషన్లు ఈ-గెజిట్‌లోనూ, రాష్ట్రం మార్పులు కార్మిక శాఖ జీవోల్లోనూ దొరుకుతాయి. వీటికి ఒక నోటుపుస్తకం విడిగా పెట్టి విషయం, నోటిఫికేషన్ తేదీ, ఏ నెల జీతం నుంచి, పట్టీలో మార్చిన తేదీ అని నాలుగు గడులు గీసుకోండి. ఎక్సెల్‌లో చేసినా మంచిదే. మా అనుభవంలో తప్పులు ఎక్కువగా దొరికేది ఖాళీగా మిగిలిపోయిన నాలుగో గడిలోనే. విషయం తెలియక జరిగే తప్పుల కన్నా, తెలిసి కూడా పట్టీలో ఎక్కించడం మరిచిపోవడం వల్ల జరిగేవే ఎక్కువ.

లేబర్ కోడ్‌లు వచ్చాయి కదా, పాత చట్టాలు, పాత రిజిస్టర్లు అన్నీ తీసిపారేయవచ్చా?

వద్దు. వేతనాలు, పారిశ్రామిక సంబంధాలు, సామాజిక భద్రత, వృత్తిపరమైన భద్రత-ఆరోగ్యం అనే నాలుగు కోడ్‌లు 29 కేంద్ర కార్మిక చట్టాల స్థానంలో వచ్చిన మాట నిజమే. అయితే పాత చట్టాల కింద చేసిన నియమాలు, పథకాలు కొత్త కోడ్‌లకు విరుద్ధం కానంత మేరకు కొంతకాలం కొనసాగుతాయి. సామాజిక భద్రత కోడ్ పీఎఫ్ వంటి పథకాలకు ఇందుకోసం అమలు తేదీ నుంచి ఏడాది గడువు ఇచ్చింది. దానికితోడు కేంద్రం నియమాలు వేరు, రాష్ట్రం నియమాలు వేరు. కేంద్రం తన ముసాయిదా నియమాలను 2025 డిసెంబర్ చివర ప్రకటించింది. మన రాష్ట్రాల్లోని చాలా ప్రైవేటు సంస్థలకు వర్తించేది రాష్ట్ర నియమాలే. దుకాణాలు, సంస్థల చట్టం, వృత్తి పన్ను చట్టం, కార్మిక సంక్షేమ నిధి చట్టం రాష్ట్ర శాసనాలు కాబట్టి ఆ 29లో లేవు. హాజరు పట్టీ, జీతాల పట్టీ, సెలవుల రిజిస్టరు యథాతథంగా నడిపించండి.

## సంస్థను నమోదు చేసేటప్పుడు

మా దగ్గర ఉన్నది పదిహేను మందే. పీఎఫ్, ఈఎస్ఐ రెండూ అక్కర్లేదు కదా?

పీఎఫ్‌కు 20 మంది, ఈఎస్ఐకి 10 మంది అనేవి సాధారణ హద్దులు. కాబట్టి పదిహేను మంది ఉన్న సంస్థకు పీఎఫ్ తప్పనిసరి కాదు, ఈఎస్ఐ మాత్రం తప్పనిసరి. తలలు లెక్కపెట్టేటప్పుడే పొరపాటు జరుగుతుంది. సగం రోజు పనిచేసే అకౌంటెంటు, వారానికి నాలుగు రోజులు వచ్చే డ్రైవరు, ఏజెన్సీ పంపిన వాచ్‌మన్ కూడా లెక్కలోకి వస్తారు. ఒకసారి పీఎఫ్ పరిధిలోకి వచ్చాక సంఖ్య 20 కన్నా తగ్గినా, ఆ కారణంతో మీ అంతట మీరు కట్టడం ఆపకూడదు.

సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ వాళ్లు ఏజెన్సీ మనుషులు. వాళ్ల పీఎఫ్‌తో మాకేం పని?

ఏజెన్సీ కట్టకపోతే ఆ బాధ్యత ప్రధాన యజమానిగా మీ మీదికే వస్తుంది. బిల్లులో పీఎఫ్, ఈఎస్ఐ మొత్తం వేసి మీ దగ్గర వసూలు చేసుకుని, కట్టడం మరిచిపోయే ఏజెన్సీలు ఉన్నాయి. ఈ నెల బిల్లు చెల్లించే ముందు పోయిన నెల చలానాతో పాటు పేర్ల జాబితా కూడా అడగండి. చలానా ఒక్కటి చూస్తే సరిపోదు. మీ గేటు దగ్గర నిలబడే మనిషి పేరు ఆ జాబితాలో ఉందో లేదో చూడాలి.

ట్రైనీ అనో, కన్సల్టెంట్ అనో రాసుకుంటే ఈ గొడవ తప్పుతుందా?

పేరు మార్చినంత మాత్రాన తప్పదు. అప్రెంటిస్‌షిప్ చట్టం కింద పద్ధతి ప్రకారం నమోదైన అప్రెంటిస్‌లకు పీఎఫ్ వర్తించదు. ఆ నమోదు లేకుండా ట్రైనీ అని పిలిచే మనిషి రోజూ వచ్చి, హాజరు వేసి, మీరు చెప్పిన పనే చేస్తుంటే అతను ఉద్యోగే. కన్సల్టెంట్ అని చెప్పి 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే ముందుగా కోసే ఆదాయపు పన్ను) కోసినా అంతే. ఎవరి పర్యవేక్షణలో, ఎన్ని గంటలు, మరెవరికైనా పనిచేసే స్వేచ్ఛ ఉందా లేదా అన్నవే విచారణలో చూస్తారు.

## కొత్త మనిషి చేరినప్పుడు

అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం తప్పనిసరా? ఇన్నాళ్లూ నోటిమాటతోనే నడిచింది.

ఇప్పుడు తప్పనిసరి. హోదా, జీతం, అందులోని భాగాలు, చేరిన తేదీ ఉంటే ఒక పేజీ చాలు. పాతవారికి కూడా ఇవ్వండి.

ఆధార్‌లో పేరు ఒకలా, సర్టిఫికెట్లలో మరోలా ఉంది. యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి శాశ్వత నంబరు) రావడం లేదు, ఏం చేయాలి?

మన దగ్గర ఇది ఇంటిపేరు తెచ్చిన చిక్కు. ఇటీవల ఒక చిన్న ఫ్యాక్టరీలో చేరిన కుర్రవాడి కాగితాలు చూస్తే, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంది, ఆధార్‌లో పూర్తిగా విడదీసి చివర ఉంది, పాన్‌లో అసలే లేదు. ముగ్గురు మనుషులు ఉన్నట్టు కనిపించింది. పీఎఫ్‌కు ఆధారం ఆధార్‌లోని పేరే కాబట్టి, అక్కడ తప్పుంటే ముందు దాన్నే సరిచేయించి, తరువాత పాన్, బ్యాంకు ఖాతాలను దానికి సరిపోల్చాలి. సర్టిఫికెట్‌తో పేచీ ఇక్కడ పెద్దగా రాదు.

2025 ఆగస్టు నుంచి కొత్త యూఏఎన్‌ను సాధారణంగా ఉద్యోగే ఉమాంగ్ యాప్‌లో ముఖ గుర్తింపు ద్వారా తీసుకోవాలి. యజమాని కంప్యూటర్లో కూర్చుని చేసిపెట్టే రోజులు దాదాపు పోయాయి. పాత కంపెనీలో యూఏఎన్ ఉన్నవారు అదే నంబరు ఇవ్వాలి. మొహమాటానికో, పాత కంపెనీతో గొడవ వల్లో దాన్ని దాచి కొత్తది తీసుకుంటే తరువాత సొమ్ము తీసుకునేటప్పుడు ఆ ఉద్యోగే ఇబ్బంది పడతాడు. మొదటి జీతానికి ముందే ఈ పని పూర్తి చేయించండి, 14వ తేదీ రాత్రికి వాయిదా వేయకండి.

బేసిక్ సగం ఉండాలంటున్నారు. అందరి బేసిక్‌నీ యాభై శాతానికి పెంచేయాలా?

కోడ్ చెప్పేది కాస్త వేరు. బేసిక్‌ను 50 శాతం చేయమని అందులో లేదు. వేతనం అంటే చెల్లించే మొత్తమంతా అని చెప్పి, అందులోంచి కొన్నింటిని మినహాయించింది. ఇంటి అద్దె అలవెన్సు, ప్రయాణపు అలవెన్సు, ఓటీ (అదనపు గంటలకు ఇచ్చే డబ్బు), కమిషను, బోనసు, యజమాని పీఎఫ్ వాటా వంటివి ఆ మినహాయింపుల్లో ఉన్నాయి. వాటి మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత మేర తిరిగి వేతనంలో కలుస్తుంది. స్పెషల్ అలవెన్సు అనే పద్దు ఆ మినహాయింపుల జాబితాలో లేదు. చాలామంది గమనించని సంగతి ఇదే.

ఒక ఉదాహరణ చూద్దాం. జీతం రూ.25,000. బేసిక్ రూ.8,000, ఇంటి అద్దె రూ.6,000, ప్రయాణం రూ.3,000, స్పెషల్ అలవెన్సు రూ.8,000. మినహాయింపులు రూ.9,000 మాత్రమే, సగం దాటలేదు. కాబట్టి వేతనం రూ.16,000 అవుతుంది. కొందరు వేసుకున్నట్టు రూ.8,000 కాదు, మరికొందరు అనుకున్నట్టు రూ.12,500 కూడా కాదు. ఇప్పుడు అదే జీతాన్ని బేసిక్ రూ.9,000, ఇంటి అద్దె రూ.10,000, ప్రయాణం రూ.6,000గా విడగొట్టారనుకోండి. మినహాయింపులు రూ.16,000 అయి, సగమైన రూ.12,500ను రూ.3,500 మేర దాటాయి. ఆ రూ.3,500 బేసిక్‌తో కలిసి వేతనం రూ.12,500 అవుతుంది.

దీని బరువు ఎక్కువగా గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం) మీద పడుతుంది. రెండో ఉదాహరణలోని మనిషికి పదేళ్ల సర్వీసుంటే, రూ.9,000 మీద రూ.51,923 వచ్చే గ్రాట్యుటీ రూ.12,500 మీద రూ.72,115 అవుతుంది. పీఎఫ్ విషయంలో కూడా ఉద్యోగి వాటా నెలకు రూ.1,080 నుంచి రూ.1,500కు పెరుగుతుంది. ఇది పూర్తిగా కొత్త సంగతి కూడా కాదు. అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సులు పీఎఫ్ లెక్కలోకి వస్తాయని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలోనే తీర్పు చెప్పింది. అప్పుడు సరిచేసుకున్నవారికి ఇప్పుడు పని తక్కువ.

జీతం రూ.15,000 దాటితే పీఎఫ్ మొత్తం మీద కట్టాలా?

కట్టవలసిన అవసరం లేదు. 2014 సెప్టెంబర్ 1 నుంచి ఉన్న వేతన పరిమితి రూ.15,000. దాని మీద 12 శాతం, అంటే రూ.1,800 చొప్పున ఇరువైపులా కడితే చట్టం తీరుతుంది. యజమాని వాటాలో రూ.1,250 పింఛను పథకానికి, రూ.550 పీఎఫ్ ఖాతాకు పోతాయి. ఇవి కాక ఉద్యోగి బీమాకు 0.5 శాతం, నిర్వహణ ఛార్జీలకు 0.5 శాతం యజమానే భరించాలి. వేతనం రూ.15,000 మించి, ఇంతకుముందు ఎన్నడూ పీఎఫ్ సభ్యత్వం లేని మనిషి చేరితే సభ్యత్వం వద్దనుకునే వీలుంది. ఒకసారి సభ్యుడైనవారికి ఆ వీలు ఉండదు. ఈ పరిమితి పెంచుతారని ఏళ్లుగా వినిపిస్తోంది, పెంచితే నోటిఫికేషన్‌లోనే అమలు నెల ఉంటుంది.

కొత్తగా చేర్చుకుంటే ప్రభుత్వం డబ్బు ఇస్తుందట, నిజమేనా?

నిజమే. ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 వరకు ఏర్పడే ఉద్యోగాలకు వర్తిస్తుంది. తొలిసారి పీఎఫ్‌లో చేరిన, నెల జీతం లక్ష రూపాయల లోపు ఉన్న ఉద్యోగికి రెండు విడతల్లో గరిష్ఠంగా రూ.15,000, అదనంగా ఉద్యోగం కల్పించిన యజమానికి మనిషికి నెలకు గరిష్ఠంగా రూ.3,000 వస్తాయి. 50 మంది కన్నా తక్కువ ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని, అంతకు పైబడినది ఐదుగురిని అదనంగా చేర్చుకోవాలి. చలానాలు గడువులో కట్టని సంస్థలు దీని మీద ఆశ పెట్టుకోకపోవడం మంచిది.

## నెలనెలా జీతాల పట్టీ వేసేటప్పుడు

నెలలో ఏ తేదీకి ఏది కట్టాలి?

నెల జీతం, టీడీఎస్ రెండింటికీ మరుసటి నెల 7వ తేదీ, వృత్తి పన్నుకు 10, పీఎఫ్, ఈఎస్ఐలకు 15. మార్చి నెల టీడీఎస్‌కు మాత్రం ఏప్రిల్ 30 వరకు గడువు ఉంటుంది. పీఎఫ్‌కు గతంలో ఉన్న ఐదు రోజుల వెసులుబాటును 2016లోనే తీసేశారు, అయినా ఇంకా 20వ తేదీ అనుకునేవారు ఉన్నారు. 15న బ్యాంకు సర్వర్ నెమ్మదిస్తుంది కాబట్టి 12నే చలానా తీయడం మా పద్ధతి.

ఒక్కరోజు ఆలస్యమైతే ఏమవుతుంది?

టీడీఎస్‌లో ఒక్కరోజు ఆలస్యం ఖరీదైనది. కోసిన పన్ను కట్టకపోతే నెలకు 1.5 శాతం వడ్డీ. నెలలో కొంత భాగమైనా పూర్తి నెలగా లెక్కిస్తారు, అదీ కోసిన తేదీ నుంచి లెక్కిస్తారు. జూన్ 30న కోసిన పన్నును జులై 8న కడితే ఆలస్యం ఒక్కరోజే అయినా జూన్, జులై రెండు నెలలకూ కలిపి 3 శాతం అడుగుతారు.

పీఎఫ్‌లో ఏడాదికి 12 శాతం వడ్డీ, దానిపైన నష్టపరిహారం ఉంటుంది. 2024 జూన్ నుంచి ఆ పరిహారం నెలకు 1 శాతం. అన్నిటికన్నా బాధాకరమైన దెబ్బ వేరే ఉంది. 1961 ఆదాయపు పన్ను చట్టం కిందికి వచ్చే సంవత్సరాలకు, ఉద్యోగి జీతంలోంచి కోసిన పీఎఫ్, ఈఎస్ఐ వాటాను గడువు దాటి కడితే అది యజమాని ఆదాయంగానే మిగులుతుందని, ఖర్చుగా చూపుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 2022 అక్టోబర్‌లో తేల్చింది.

మధ్యలో జీతం పెరిగి రూ.21,000 దాటింది. ఈఎస్ఐ ఆపేయవచ్చా?

వెంటనే ఆపకూడదు. ఈఎస్ఐ చందా కాలాలు ఏప్రిల్-సెప్టెంబర్, అక్టోబర్-మార్చి. జులైలో జీతం రూ.20,500 నుంచి రూ.22,000 అయినా సెప్టెంబర్ చివరి దాకా, పెరిగిన జీతం మీదే కట్టాలి. ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ఉద్యోగి ఇంట్లో ఎవరికైనా ఆసుపత్రి అవసరం ఉందేమో ఆపే ముందు అడగడం మర్యాద. ఆ చందా మీద వచ్చే ప్రయోజన కాలం తరువాత కూడా కొన్ని నెలలు నడుస్తుంది, ఆ సంగతి చాలామంది కార్మికులకు తెలియదు.

వృత్తి పన్ను రెండు రాష్ట్రాల్లో ఒకటేనా? మా వాళ్లిద్దరు బెంగళూరులో ఉంటారు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉద్యోగుల శ్లాబులు ఒకటే. నెలకు రూ.15,000 వరకు ఏమీ లేదు, రూ.20,000 వరకు రూ.150, ఆపైన రూ.200. బెంగళూరు ఆఫీసులో పనిచేసేవారికి కర్ణాటక చట్టం వర్తిస్తుంది, అక్కడ విడిగా నమోదు కావాలి. కర్ణాటకలో రూ.25,000 నుంచి మొదలై నెలకు రూ.200, ఫిబ్రవరిలో రూ.300. ఏ రాష్ట్రమైనా మనిషికి ఏడాదికి రూ.2,500 మించి వసూలు చేయకూడదని రాజ్యాంగం 276వ అధికరణం చెబుతోంది.

కనీస వేతనం పెరిగిందని ఆలస్యంగా తెలిసింది. బకాయి ఇవ్వాలా?

అమలు తేదీ నుంచి ఇవ్వాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ ధరల సూచీని బట్టి మారే కరువు భత్యాన్ని ఏప్రిల్ 1, అక్టోబర్ 1 తేదీలకు సవరిస్తారు. ఉత్తర్వు చేతికి వచ్చే సరికి ఒక్కోసారి ఆ తేదీ దాటిపోతుంది. ఒక ఏడాది మేమే ఏప్రిల్ సవరణను జులైలో గుర్తించాము. నలభై మందికి మూడు నెలల తేడా లెక్కకట్టి, దాని మీద పీఎఫ్, ఈఎస్ఐ మళ్లీ కట్టడానికి రెండు రోజులు పట్టింది. అప్పటి నుంచి ఏప్రిల్, అక్టోబర్ జీతాల పట్టీల మీద ఎర్ర సిరాతో "భత్యం చూశారా" అని ముందే రాసిపెడుతున్నాము.

రోజుకు పది గంటలు చేయించుకోవచ్చన్నారు. అయితే ఓటీ లేనట్టేనా?

వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంది. తెలంగాణ 2025 జులైలో వాణిజ్య సంస్థలకు రోజుకు పది గంటల వరకు అనుమతించింది, ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడాది అదే దారిలో సవరణ తెచ్చింది. పది గంటల చొప్పున ఆరు రోజులు చేయిస్తే 60 గంటలు అవుతాయి, అందులో 12 గంటలకు రెట్టింపు రేటున ఓటీ చెల్లించాలి. గంటలు రాసే పట్టీ లేని సంస్థకు ఈ వెసులుబాటు ఉపయోగం కన్నా ప్రమాదమే ఎక్కువ.

ఉద్యోగి పన్ను విధానం ఏదో చెప్పలేదు. టీడీఎస్ ఎలా కోయాలి?

చెప్పకపోతే కొత్త విధానమే వర్తిస్తుంది. 2025 బడ్జెట్‌లో వచ్చిన శ్లాబుల ప్రకారం రూ.4 లక్షల వరకు పన్ను లేదు, అక్కడి నుంచి ప్రతి నాలుగు లక్షలకు 5, 10, 15, 20, 25 శాతం చొప్పున పెరిగి, రూ.24 లక్షలు దాటాక 30 శాతం. జీతం నుంచి రూ.75,000 ప్రామాణిక తగ్గింపు ఉంటుంది, రిబేటు కారణంగా రూ.12.75 లక్షల జీతం వరకు పన్ను పడదు. ఏడాదికి రూ.14 లక్షల జీతమైతే తగ్గింపు పోగా రూ.13.25 లక్షలు, దాని మీద పన్ను రూ.78,750, సెస్సుతో రూ.81,900, నెలకు రూ.6,825. దీన్ని ఏప్రిల్ నుంచే సమంగా కోయండి. జనవరి దాకా ఊరుకుని చివరి రెండు జీతాల్లో కోస్తే ఉద్యోగి ఇంట్లో మీ పేరు చెడుతుంది.

## ఏడాదికోసారి వచ్చే పనులు

కొత్త ఆదాయపు పన్ను చట్టం వస్తే ఫారం 16 పోతుందా?

2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. అక్కడి నుంచి ఇచ్చే జీతాలకు అదే వర్తిస్తుంది, సెక్షన్లు, ఫారాల నంబర్లు మారతాయి, "పన్ను సంవత్సరం" అనే ఒకే మాట వస్తుంది. 2026 మార్చి 31తో ముగిసే ఏడాదికి త్రైమాసిక రిటర్ను, ఉద్యోగికి ఇచ్చే సర్టిఫికెట్ పాత చట్టం ప్రకారమే. అంటే మే 31 లోగా చివరి 24క్యూ, జూన్ 15 లోగా ఫారం 16. ఒకే వేసవిలో పాత ఏడాదిని పాత ఫారాల్లో ముగిస్తూ, కొత్త ఏడాదిని కొత్త చట్టం కింద నడపాలి. రెండింటి ఫైళ్లు కలిపేయకండి.

సంక్షేమ నిధికి ఎంత కట్టాలి?

ఏడాదికి మనిషికి ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగి రూ.30, యజమాని రూ.70. తెలంగాణలో రూ.2, రూ.5. గడువు జనవరి 31. మొత్తం చిన్నదే కాబట్టి అందరూ మరిచిపోతారు, తనిఖీకి వచ్చినవారు మాత్రం మరిచిపోరు.

దసరాకు ఇచ్చే మామూలు బోనసు కింద సరిపోతుందా?

చట్టప్రకారం లెక్కకట్టి, ఆ మొత్తానికి తగ్గకుండా, బోనసు అని రాసి ఇస్తే సరిపోతుంది. ఇన్నాళ్లూ పాటిస్తున్న పరిమితుల ప్రకారం 20 మంది ఉన్న సంస్థలో నెలకు రూ.21,000 వరకు జీతం ఉన్నవారికి, రూ.7,000 లేదా కనీస వేతనం, ఏది ఎక్కువైతే దాని మీద కనీసం 8.33 శాతం ఇవ్వాలి. లెక్కల సంవత్సరం ముగిశాక ఎనిమిది నెలల గడువు. కవరులో పెట్టి సంతకం లేకుండా ఇచ్చిన పండగ డబ్బు పట్టీలో కనిపించదు.

## ఉద్యోగి వెళ్లిపోయేటప్పుడు

రాజీనామా చేసిన మనిషి లెక్క నెలాఖరున తేలుస్తామంటే కుదరదా?

కుదరదు. వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినా, తీసేసినా, పని నుంచి వెళ్లిన రెండు పనిదినాల్లో వేతన బకాయిలు ఇచ్చేయాలి. 45 రోజులు తీసుకునే అలవాటున్న ఆఫీసులకు ఇది నిజంగా కష్టమే. నోటీసు కాలం మొదలైన రోజే సెలవుల నిల్వ, అడ్వాన్సు, ల్యాప్‌టాప్ వంటి వాటి పట్టీ వేసిపెట్టుకుంటే చివరి రోజున మిగిలేది సంతకమే.

ఐదేళ్లు నిండకుండా వెళ్తే గ్రాట్యుటీ లేదు కదా?

శాశ్వత ఉద్యోగికి ఐదేళ్ల నియమం అలాగే ఉంది, మరణించినా, అంగవైకల్యం కలిగినా ఆ నియమం అడ్డురాదు. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి మాత్రం కొత్త కోడ్ ప్రకారం ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ వస్తుంది. చివరి నెలసరి వేతనాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు సంవత్సరాలతో గుణించాలి. ఆరు నెలలు మించిన భాగం పూర్తి ఏడాది అవుతుంది. 30 రోజుల్లో ఇవ్వకపోతే వడ్డీ పడుతుంది. పదకొండు నెలల కాంట్రాక్టులు రాసుకునే సంస్థలు ఇక్కడ ఒకసారి ఆగి తమ కాగితాలు చూసుకోవాలి.

## తప్పు బయటపడ్డప్పుడు

కొందరిని ఏళ్లుగా పీఎఫ్‌లో చేర్చలేదు. ఇప్పుడు చెబితే మునిగిపోతామా?

అడగకముందే చెప్పినవారికి ప్రభుత్వం కొంత దారి ఇచ్చింది. 2025 నవంబర్ 1 నుంచి 2026 ఏప్రిల్ 30 వరకు నడిచే ఉద్యోగుల నమోదు ప్రచారంలో, 2017 జులై నుంచి 2025 అక్టోబర్ మధ్య వదిలేసిన ఉద్యోగులను ప్రకటించుకోవచ్చు. జీతంలోంచి కోయని ఉద్యోగి వాటాను మాఫీ చేస్తారు, యజమాని వాటా, దాని వడ్డీ, ఛార్జీలతో పాటు నామమాత్రంగా రూ.100 జరిమానా ఉంటుంది. కోసి కట్టనివారికి ఈ మాఫీ లేదు, అది వేరే రకం తప్పు.

పీఎఫ్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. ముందు ఏం చేయాలి?

తేదీ చూసుకుని, ఆ రోజు హాజరు కావాలి. చాలా కేసులు పాడయ్యేది హాజరు కాకపోవడం వల్ల, ఏకపక్షంగా ఉత్తర్వు రావడం వల్ల. నోటీసులో ఏ నెలలు, ఎందరు అన్నది రాసుకుని, ఆ నెలల హాజరు పట్టీ, జీతాల పట్టీ, చలానా మూడింటినీ పక్కపక్కన పెట్టి మనిషి మనిషికీ సరిపోల్చండి. ఒప్పుకోవలసినది ఒప్పుకుని, మిగిలినదానికి రాతపూర్వకంగా జవాబిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. పట్టీలు అప్పటికప్పుడు కొత్తగా రాయించడం మాత్రం చేయకండి. ఒకే కలం, ఒకే చేతిరాతతో మూడేళ్ల హాజరు ఉంటే చూసేవారికి ఇట్టే తెలిసిపోతుంది.

కాగితాలు ఎన్నేళ్లు దాచాలి?

సామాజిక భద్రత కోడ్ కింద ఐదేళ్లు దాటిన బకాయిల మీద కొత్తగా విచారణ మొదలుపెట్టరాదు. అయినా మేము ఎనిమిదేళ్లు ఉంచమంటాము. పీఎఫ్ జాబితాలు, గ్రాట్యుటీకి ఆధారమయ్యే చేరిక కాగితాలు మాత్రం ఆ మనిషి లెక్క పూర్తిగా తేలేదాకా ఉంచాలి. జీతాల పట్టీ ప్రతి నెలా పీడీఎఫ్‌గా తీసి, సాఫ్ట్‌వేర్‌లో కాకుండా విడిగా భద్రపరచండి. సాఫ్ట్‌వేర్ చందా ఆగిన రోజున పాత పట్టీలు తెరుచుకోక, 2019 నాటి లెక్కలను బ్యాంకు స్టేట్‌మెంట్ల నుంచి తిరిగి కూర్చిన సంస్థ ఒకటి మాకు తెలుసు.